మంత్రిగారి తొలి అడుగు

ఇకమీదట ప్రభుత్వ కట్టడాలన్నీ ప్రభుత్వమంత వేగంగా గట్టిపడాలని మంత్రిగారు ప్రకటించారు. అంత గొప్ప ఆలోచన అప్పటిదాకా ఏ సిమెంటుకూ తట్టలేదు.

కొత్త ఆసుపత్రి కడుతున్న ఇంజినీరు మాత్రం మంత్రిగారి దగ్గరికి పరుగెత్తాడు.

"నీళ్లలో కట్టే పనులకైతే చిటికెలో బిగుసుకునే రకం వాడతాం సార్. గోడలకు మామూలుదే మంచిది. అరగంట దాకా బిగుసుకోదు, మేస్త్రీలు ఈలోగా ఇటుకలు సర్దుకుంటారు."

"అరగంటా! అది ప్రతిపక్షం సిమెంటయ్యా!"

ఇంజినీరు ఇంకేదో అనబోయాడు. పొద్దున భార్య అన్న మాట గుర్తొచ్చింది: "మీకు బదిలీ అయితే నేనూ పాపా ఇక్కడ, మీరెక్కడో. ఆయన ఏమన్నా ఊ కొట్టండి, మీకు పుణ్యముంటుంది."

ఊ కొట్టాడు.

ప్రారంభోత్సవం నాడు మెట్ల ముందు తడి కాంక్రీటు పరిచారు. మంత్రిగారు అందులో 'ప్రగతి తొలి అడుగు' వేసి, అచ్చు పడగానే దిగిపోవాలి. ఒక్క కాలే పెడితే పార్టీ చీలిందనుకుంటారని ఆయన రెండు కాళ్లూ పెట్టారు. అంతలో ఎవరో అభిమాని మైకు అందించాడు.

ప్రసంగం అద్భుతంగా సాగింది. చప్పట్లు ఆగాయి. మంత్రిగారు కదల్లేదు.

"బూట్లు వదిలేసి వచ్చేయండి సార్," అన్నాడు ఇంజినీరు చెవిలో.

"సాక్సులకు చిల్లులున్నాయయ్యా! టీవీల్లో లైవ్ వెళ్తోంది!" అని గొణిగి, మంత్రిగారు గొంతు పెంచారు. "ఈ దిక్కుమాలిన సిమెంటు వాడిన ఇంజినీరును ఈ క్షణమే బదిలీ చేస్తున్నాను!"

పీఏ కాగితం అందించాడు. మంత్రిగారు నిలబడ్డచోటే సంతకం గీకారు. ఇంజినీరుకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

మేస్త్రీ ఉలీ సుత్తీ పట్టుకుని ఇంజినీరు దగ్గరికి వచ్చాడు. "కొట్టమంటారా సార్?"

"నన్నడక్కయ్యా. ప్రభుత్వ కట్టడం పగలగొట్టాలంటే ఇంజినీరు ఆర్డరుండాలి. నాకిప్పుడు ఛార్జి లేదు." ఆ మాట అన్నాక ఇంజినీరుకు చాలా ఏళ్ల తర్వాత హాయిగా అనిపించింది. "కొత్తాయన వచ్చి చెప్పాలి."

"ఎప్పుడొస్తాడు?" అన్నారు మంత్రిగారు.

"వచ్చే వారం సార్," అన్నాడు పీఏ.

"అయితే ఈయన బదిలీ రద్దు! కాగితం తే!"

"బదిలీ ఎక్కడైనా చేయొచ్చు సార్. రద్దు మాత్రం ఆఫీసులో, మీ సీట్లో కూర్చునే చేయాలి. రద్దు చేయమని జనం దారికడ్డంపడి అడుగుతున్నారని ఆ రూలు పెట్టింది తమరే," అన్నాడు పీఏ వినయంగా.