చప్పుడు కాకుండా అరవై కిలోలు

ఆదివారం పొద్దున పాప తల్లి వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడింటికి పాపకు పాలు పట్టాలి. ఎనిమిదింటికి ఇల్లు తుడవాలి. తొమ్మిదింటికి కింది వాటాలోంచి ఇంటి యజమానురాలు టీచరు గారు వచ్చి, ఆరు నెలల ఇంటి ఒప్పందాన్ని ఏడాదికి పొడిగిస్తూ సంతకం పెట్టేదాకా ఈ ఇంట్లో ఏదీ కింద పడకూడదు. గిన్నె పడకూడదు, పాప పడకూడదు, ముఖ్యంగా మొగుడి చేతిలోంచి ఏదీ పడకూడదు.

పాప పుట్టిన పది నెలల్లో ఇది మూడో ఇల్లు. మొదటి ఇంటి చెమ్మకు పాపకు దగ్గు పట్టుకుంది. రెండో ఇంట్లో కుళాయి తిప్పితే గాలి వచ్చేది. ఈ ఇంటికి వెలుతురుంది, వీధి చివరే పిల్లల డాక్టరున్నాడు. ఇదీ పోతే పసిపిల్లను చంకనేసుకుని మళ్లీ గడపగడపా ఎక్కాలి. 

అంతటికీ కారణం పడగ్గదిలోని బరువుల బల్ల. భర్త దాన్ని ఆరు నెలల కిందట కొనుక్కొచ్చాడు. రోజూ పొద్దున్నే దాని మీద వెల్లకిలా పడుకుని, ఇనుప కడ్డీని ఛాతీ మీదికి దించి పైకి నెట్టేవాడు. ఫోనులో ఒక కోచ్ గొంతు చించుకుని పద్ధతి చెప్పేవాడు. చేసే మనిషి వినేవాడు కాదు. వంటింట్లో అంట్లు తోముకునే మనిషికి వినక తప్పేది కాదు. చివర్లో కడ్డీని స్టాండు మీద పడేస్తే ధన్, ధన్ అని రెండు చప్పుళ్లు. పోయిన ఆదివారం ఆ రెండో చప్పుడుకే టీచరు గారు మెట్లెక్కి వచ్చారు.

"రోజూ ఆ చప్పుడు వింటుంటే నా నరాలు తెగిపోతున్నాయమ్మాయ్. ఆ బల్ల సంగతేంటో తేల్చండి. వచ్చే ఆదివారం చూశాకే సంతకం."

టీచరు గారు రిటైరై పదేళ్లయింది. ఏం పాఠం చెప్పేవారో ఎవరూ అడిగిన పాపాన పోలేదు. ఆ గొంతును బట్టి లెక్కలే అయి ఉంటాయని అందరూ అనుకునేవారు. పాప తల్లి మర్నాడే కిందికి వెళ్లి, "బల్ల పంపించేశామండీ," అని చెప్పి వచ్చింది. పంపించలేదు. భర్త స్నేహితుడు ఆదివారం సాయంత్రం బండి తెస్తానన్నాడు. అందాకా దాని మీద మడతపెట్టిన బట్టలు పోసి, దుప్పటి కప్పింది.

ఇక ఆ ఆదివారం ఆమె ముందుగదిలో నేల తుడుస్తుండగా భర్తకు బల్ల మీద ప్రేమ పుట్టుకొచ్చింది. సాయంత్రం పోయే బల్ల. జన్మలో అరవై కిలోలు ఎత్తలేదు. ఒక్కసారి, చప్పుడు కాకుండా ఎత్తి దించితే ఎవరికి నష్టం? చప్పుడు కాకూడదని కొసలకు తొడిగిన బరువు బిళ్లలు గలగలలాడకుండా పాప తడిగుడ్డలతో కడ్డీకి కట్టేశాడు. చప్పుడు కాకూడదని మడమలు నేలకు ఆనించకుండా కాళ్లు రెండూ బల్ల మీద పెట్టుకున్నాడు. చప్పుడు కాకూడదని ఊపిరి కూడా బిగబట్టాడు. కడ్డీ చప్పుడు కాకుండా దిగింది. దిగి, ఛాతీ మీద కూర్చుంది.

"ఇదిగో, ఒకసారి రా," అని సన్నగా వినిపించింది.

"తువ్వాలు తలుపు మీదే ఉంది."

"తువ్వాలు కాదు."

"కాఫీ అయితే మీరే కలుపుకోండి. నాకేమీ పది చేతుల్లేవు."

కాసేపటికి ఉంగరంతో ఇనుము మీద టిక్కు టిక్కుమని కొట్టిన శబ్దం. పాటకు తాళం వేస్తున్నాడనుకుంది. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పు అడిగాడట ఇంకొకడు. ఆమె తుడుపుకర్ర పట్టుకునే విసవిసా లోపలికి నడిచింది. భర్త తిరగేసిన తాబేలులా ఉన్నాడు.

"ఊపిరాడుతోందా?"

"కొంచెం ఆడుతోంది."

"అయితే తిట్టొచ్చు. సిగ్గుందా మీకు? ఇవాళా ఈ పని?"

"ముందు ఇది తియ్యవే తల్లీ."

ఆమె కడ్డీ పట్టుకుని లాగింది. అది పక్కింటివాళ్లదన్నట్టు కదలలేదు. పోనీ బిళ్లలు జార్చేద్దామంటే తడిగుడ్డల ముళ్లు బిగుసుకుపోయి ఉన్నాయి. పొద్దున్నుంచీ ఆమె ఇల్లంతా వెతుకుతున్నది ఆ గుడ్డల కోసమే.

"పిల్లకి కట్టడానికి గుడ్డ లేదు గానీ, ఇనుముకి కట్టారా?"

అప్పుడే గంట మోగింది. గడియారం ఎనిమిదిన్నరే చూపిస్తోంది. లెక్కల టీచర్లు ఆలస్యంగా రారు గానీ, ముందుగా వస్తారని ఆమె ఎరగదు. చేతికందిన దుప్పటి తీసి భర్తనూ కడ్డీనీ కలిపి కప్పేసి, పాపను ఎత్తుకుని తలుపు తీసింది.

టీచరు గారు పలకరింపు కూడా లేకుండా తిన్నగా పడగ్గదిలోకి వచ్చారు. "బల్ల ఇక్కడే కదా ఉండేది? అదేంటి?"

"మావారండీ. జ్వరం."

"జ్వరమొస్తే చేతులు అటొకటి ఇటొకటి బార్లా చాపుకుని పడుకుంటాడా?"

"జ్వరం బాగా ఎక్కువండీ."

"ఇప్పుడు తగ్గింది లెండి," అంది దుప్పటి.

చంకలోంచి జారి నేల మీదికి దిగిన పాప పాక్కుంటూ వెళ్లి దుప్పటి కొసను గుప్పిట పట్టింది. తల్లి వంగేలోపే లాగింది. భర్తా, కడ్డీ, బల్లా అన్నీ బయటపడ్డాయి. పాప ఒక్కతే నవ్వింది.

ఇల్లు పోయిందని పాప తల్లికి అర్థమైపోయింది. పోయాక ఇంక భయమెందుకు? ఆరు నెలల కోపం గట్టు తెంచుకుంది.

"కాళ్లు నేల మీద గట్టిగా ఆనించమని ఆ కోచ్ రోజూ మొత్తుకోలేదా? భుజాల వెనకున్న రెక్కలు రెండూ దగ్గరికి లాగి బల్లకి నొక్కమనలేదా? మోచేతులు అలా కాకిరెక్కల్లా చాచొద్దని ఎన్నిసార్లు చెప్పాడు? బొటనవేలు కడ్డీ చుట్టూ తిప్పకపోతే జారి మీద పడుతుందన్నాడు. పక్కన మనిషి లేకుండా బరువెత్తొద్దన్నాడు. ఒంటరిగా ఉంటే బిళ్లలు బిగించొద్దన్నాడు. ఒక్క ముక్కయినా చెవికెక్కిందా మీకు?"

టీచరు గారు ఆమెను ఎగాదిగా చూశారు. "ఇవన్నీ నీకెలా తెలుసు?"

"ఆరు నెలలుగా అంట్లు తోముతూ వింటున్నానండీ. చెవులకి తలుపుల్లేవుగా. ఖాళీ చెయ్యమంటే చేస్తాం లెండి, ముందు ఈయన్ని బయటికి తీయనివ్వండి."

టీచరు గారు చేతి గడియారం విప్పి పాపకిచ్చి, బల్ల తల వైపు వెళ్లి నిలబడ్డారు. "నువ్వు అటు పట్టుకోమ్మాయ్. ఏమయ్యా, కాళ్లు కింద పెట్టు. నొక్కి పెట్టు. రెక్కలు దగ్గరికి లాగు. మోచేతులు లోపలికి. బొటనవేలు. బొటనవేలన్నాను కదా. ఇప్పుడు గాలి పీల్చి, నేలని కాళ్లతో తోస్తూ నెట్టు."

ఆరు నెలల్లో మొదటిసారి అతను చెప్పినమాట విన్నాడు. ఇద్దరు ఆడవాళ్లు చెరో వైపు పట్టగా కడ్డీ లేచి స్టాండు మీద కూర్చుంది. ఒక్కటే చప్పుడు, ధన్.

టీచరు గారు కళ్లు మూసుకుని నిట్టూర్చారు. "ఇదీ. ముప్పై ఏళ్లు బడిలో ఆటలు నేర్పి, పిల్లల చేత బరువులెత్తించినదాన్ని నేను. ఆరు నెలలుగా కింద కూర్చుని వింటున్నాను. రోజూ ఎడమ పక్క ముందు పడుతుంది, కుడి పక్క తర్వాత పడుతుంది. ఒక్కరోజైనా రెండూ కలిసి పడతాయేమోనని చేతిలో కాఫీ చల్లారిపోయేదాకా చూసేదాన్ని. ఎంత ఒళ్లు మండేదో తెలుసా?"

"మరి బల్ల తీసెయ్యమన్నారుగా?"

"ఎప్పుడన్నాను? తేల్చమన్నాను. సరిగా నేర్చుకుంటాడో, ఎవడి చేతనైనా నేర్పించుకుంటాడో తేల్చమన్నాను. నువ్వొచ్చి పంపించేశామన్నావు. ఆరు రోజుల్నించీ నాకు అన్నం సయించలేదు."

"ఆ ముక్క అప్పుడే విడమరిచి చెప్పొచ్చు కదండీ," అని పాప తల్లి పళ్లు నూరింది. వారం రోజులు ఆమెకూ సయించలేదు మరి.

"కోపం బానే ఉంది. అది చేతుల్లోకి తెచ్చుకో," అంటూ టీచరు గారు కాగితం తీసి సంతకం పెట్టారు. సంతకం పైన తన చేత్తోనే ఒక షరతు రాశారు: బల్ల ఈ ఇంట్లోనే ఉండాలి, రోజూ ఆరున్నరకు దాని మీద పడుకోవలసింది భార్య, నేర్పేది ఇంటి యజమాని.

"మరి నేనండీ?" అన్నాడు భర్త, ఛాతీ రుద్దుకుంటూ.

"నువ్వు పాపనెత్తుకో. తొమ్మిది కిలోలుంటుంది, నీకు అది చాలు. వీపు నిటారుగా ఉండాలి."

మర్నాడు ఆరున్నరకు పాప తల్లి బల్ల మీద పడుకుని ఉత్త కడ్డీని పట్టుకుంది. కాళ్లు నేలను పట్టుకున్నాయి, రెక్కలు బల్లను పట్టుకున్నాయి. కడ్డీ ఛాతీని తాకి పైకి లేచింది. ముందుగదిలో భర్త పాపను భుజాన వేసుకుని అటూ ఇటూ తిరుగుతూ, గుమ్మంలో ఆగి అడిగాడు.

"నేను ఎన్నిసార్లు తిరగాలండీ?"

"పాప పడుకునేదాకా," అన్నారు టీచరు గారు.

ఆ రోజు పాప పడుకోలేదు.