అసమానతను చూసి వచ్చినవారు

“జాతి వివక్ష గురించి, అసమానత గురించి చదవనిదే ఇకమీదట మా కళాశాలలో ఎవరికీ పట్టా దక్కదు!” అని డీన్ లిండ్‌క్విస్ట్ ఆగస్టు సభలో శాసనం చేశాడు. సభంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. పదకొండేళ్లుగా ఆ పాఠాన్ని ఖాళీ బెంచీలకు చెప్పుకొస్తున్న సోషియాలజీ అధ్యాపకురాలు ఒడెస్సా పెటిఫోర్డ్‌కు కళ్లు చెమర్చాయి.

తొలివారం తరగతిలో నలభై మంది పేర్లు నమోదయ్యాయి. రెండోవారం ఆమె, నల్లవాళ్ల పేటలకు ఇంటి రుణాలు అందకుండా ఒకప్పుడు అమెరికాలో బ్యాంకులు ఊరి పటాల మీద ఎర్రగీతలు గీసిన సంగతి చెప్పింది. మూడోవారం డీన్‌కు తల్లిదండ్రుల ఫోన్లు మొదలయ్యాయి. పిల్లలకు మనసు బాగుండటం లేదట. తాతలు గీసిన గీతలకు మనవలెందుకు తల దించుకోవాలట.

డీన్ దయగల మనిషి. అసమానతను స్వయంగా చూసి వచ్చినవారికి ఈ పాఠం అక్కర్లేదని నాలుగోవారం నిబంధన సవరించాడు. ఏదైనా పేద దేశానికి పదిరోజులు వెళ్లి, ఒక బడిగోడకు రంగు పూసి, అక్కడి పిల్లల్ని ఎత్తుకుని ఫోటో దిగి ఉంటే చాలు. ముప్పై ఒక్క మంది అలా గట్టెక్కారు.

మిగిలిన తొమ్మిది మందిలో దెషోనా టబ్స్ ఒకతె. క్లీవ్‌లాండ్ తూర్పు పేటలో పుట్టి పెరిగిన నల్లపిల్ల. కళాశాల భోజనశాలలో అంట్లు కడిగే పని ఆమెది. ఆ పనివేళా, ఈ తరగతివేళా ఒకటే. పని పోతే చదువూ పోతుంది.

“నువ్వూ అర్జీ పెట్టమ్మా. వాళ్లది పదిరోజులైతే నీది పంతొమ్మిదేళ్లు” అంది ఒడెస్సా.

దెషోనా మూతపడిన తమ బడి గురించి రాసింది. నొప్పి అని మొత్తుకున్నా తన తల్లిని నమ్మని ఆస్పత్రి గురించి రాసింది. ఒడెస్సా సిఫారసు జతచేసింది.

అర్జీలు చూసే కమిటీ గంటన్నరసేపు చర్చించింది. ఫలితాన్ని డీనే స్వయంగా, ఎంతో మృదువుగా చెప్పాడు.

“చదివి అందరం కదిలిపోయాం, ఒడెస్సా గారూ. కానీ నిబంధనలో ‘చూసి వచ్చినవారు’ అని ఉంది. చూసింది, కాదనం. వచ్చినట్టు మాత్రం ఆధారం లేదు.”

ఒడెస్సా భోజనశాల వెనక గుమ్మం దగ్గరికి వెళ్లింది. డీన్ మాటను ఉన్నదున్నట్టు చెప్పేసింది. దెషోనా ఆవిరిలో ముఖం తుడుచుకుంటూ వింది.

“అందులో అబద్ధమేముంది మేడమ్? ఇంకా అక్కడే ఉన్నానుగా” అని, కమిటీవారి విందు నుంచి అప్పుడే వచ్చిన పళ్లేల దొంతరను ముందుకు లాక్కుంది.