మూడోసారి చచ్చిన బ్యాటరీ

ఆరింటికి బయలుదేరాలి, ఏడింటికల్లా ఆసుపత్రిలో ఉండాలి. ప్లాను అంతే. సైన్సు టీచరు సంచి సర్ది, రిపోర్టుల ఫైలు పక్క సీట్లో పెట్టి తాళం తిప్పింది. కారు 'టిక్' అంది. ఇంకోసారి తిప్పితే అదీ అనలేదు.

బ్యాటరీ చచ్చింది. నెలలో ఇది మూడోసారి, మూడుసార్లూ సరిగ్గా వాళ్ళాయన గుండె ఆపరేషను నాటి ఉదయమే. శని ఇంత లెక్కగా తిరుగుతాడా అని ఆవిడకు ఎప్పుడో అనుమానం రావాల్సింది. రక్తనాళాలు మూసుకుపోయాయి, ఆలస్యమైతే మనిషి దక్కడని డాక్టరు మొహం మీదే చెప్పాడు. ఈసారీ రాకపోతే మూడు నెలలదాకా తేదీ లేదని నిన్ననే ఫోనులో తేల్చేశారు. ఇల్లేమో ఊరి చివర, అద్దె కారు రావాలంటే గంటన్నర.

మొదటిసారి మెకానిక్ కొత్త బ్యాటరీ వేశాడు. అదీ చచ్చేసరికి ఆయన, అంటే కరెంటాఫీసు లైన్ ఇన్‌స్పెక్టరు, "పాత సరుకు అంటగట్టావు" అని షాపుకెళ్ళి మరీ ఎగిరాడు. తర్వాత నేరం బావమరిది బిగించిన పాటల పెట్టె మీదికి మళ్ళింది. దాన్ని పీకి అతని చేతిలోనే పెట్టాడు. బావమరిది అలిగి మాటలు మానేశాడు. పిలిస్తే పరిగెత్తుకొచ్చే మెకానిక్ బండీ, బావమరిది బండీ అలా పోయాయి.

నిన్న సాయంత్రం ఆవిడే బడి ల్యాబులోంచి అమ్మీటరు తెచ్చి తగిలించి, ఫ్యూజులు ఒక్కొక్కటే పీకి చూసింది. ముల్లు సున్నా దగ్గర్నుంచి కదిలితే ఒట్టు. "కారులో ఏ లోపమూ లేదండీ" అంటే, "నువ్వు చెప్పావంటే ఇక తిరుగేముంది" అని ఆయన మెచ్చుకున్నాడు కూడా.

ఇప్పుడు విసురుగా దిగబోతే ఫైలు జారి సీటు కింద పడింది. చెయ్యి పెడితే చురుక్కుమంది. లాగితే బిస్కెట్ల డబ్బా! లోపల రాత్రంతా వెలిగిన పెద్ద హెడ్‌లైటు బల్బు, దాని తీగలు ఫోను ఛార్జింగు పెట్టే చోటికి. అతుకుల మీద నల్లటేపు, తర్వాత ఊడదీసేవాడికి సులువుగా టేపు చివర చిన్న మడత. ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో ఆ మడత పెట్టడం ఆయన ఏనాడూ మరవలేదు. నిన్న ఆవిడ నిద్రపోయాక కూడా మరవలేదు.

"ఏమండీ, ఇదేంటి?"

గుమ్మంలో నిలబడ్డ ఆయన మెట్టు మీద కూలబడ్డాడు. "భయమే. ఛాతీ కోస్తారంటే మాటలా? మా ఆఫీసులో ఒకాయన ఇలాగే ఆపరేషనుకి చెయ్యి ఊపుతూ వెళ్ళాడు. తిరిగొచ్చాడా?"

"నాకు లేదా భయం? నెల రోజులుగా రాత్రిళ్ళు మీరు ఊపిరి తీస్తున్నారో లేదో ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తున్నా." ఆవిడ కళ్ళు తుడుచుకుని పక్కింటికి పరుగెత్తింది.

పక్కింటాయన శవాల బండి డ్రైవరు. నోట్లో బ్రష్షుతోనే బయటికొచ్చాడు. "నా బండి ఏనాడూ మొరాయించలేదమ్మా. మొరాయిస్తే లోపలున్నవాళ్ళు ఏమీ అనరు గానీ, వెనకొచ్చేవాళ్ళు తంతారు."

"అందులోనా! నేను చచ్చినా ఎక్కను," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"చస్తే మీరు ఎక్కక్కర్లేదు, నలుగురూ కలిసి ఎక్కిస్తారు. ఇవాళ కూర్చుని వస్తారా, రేపు పడుకుని వెళతారా?" అంది టీచరు.

ఆయన ఎక్కాడు. ఆవిడ చెయ్యి మాత్రం దారంతా వదల్లేదు. బండిని చూసి బస్సులు తప్పుకున్నాయి, పాదచారులు తలలు వంచారు. ఏడింటికి పది నిమిషాలుండగానే ఆసుపత్రి ముందున్నారు.

గేటు కాపలాదారు శవాల గదికెళ్ళే వెనకదారి వైపు చెయ్యి చూపించాడు. "పేషెంటు!" అని డ్రైవరు అరిచాడు. కాపలాదారు వచ్చి లోపలికి తొంగి చూశాడు. ఇన్‌స్పెక్టరు నమస్కారం పెట్టాడు.

"ఈ బండిలో ఇక్కణ్ణుంచి తీసుకెళ్ళడం చూశా గానీ," అన్నాడు కాపలాదారు గేటు తీస్తూ, "తేవడం ఇదే మొదలు."