శుభలేఖ ప్రకారం

ఆ శనివారం రోహిణి మనసంతా మామిడికాయల మీదే ఉంది. పదకొండు లోపు పెళ్ళి ఫోటోలు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఇచ్చేస్తే, నరసరావుపేట మార్కెట్‌కు వెళ్ళి ఆవకాయ కాయలు కొట్టించుకోవచ్చు. ఆలస్యమైతే మంచి కాయంతా ఎవరో ఒకరు ఏరుకుపోతారు. కారం, ఆవపిండి రాత్రే సిద్ధం చేసుకుంది. జాడీ ఎండలో పెట్టి మరీ వచ్చింది.

తన్వీర్ ఫోటో స్టూడియోలో ఆల్బమ్‌లు తయారుచేయడం ఆమె పని. డిగ్రీలో కంప్యూటర్లు చదివి, పెళ్ళయ్యాక చాలా ఏళ్ళు ఇంటిపట్టున ఉండి, నిరుడు ఇక్కడ చేరింది. తీరిక దొరికినప్పుడు ఫోన్‌లో పాఠాలు చూసి పైథాన్ కూడా కాస్త నేర్చుకుంది. వందల ఫోటోల పేర్లు ఒక్కసారిగా మార్చాలన్నా, తేదీలు సరిచేయాలన్నా నాలుగు లైన్లు రాసి మీట నొక్కుతుంది. తన్వీర్ దాన్ని మంత్రం కింద జమకట్టి, దాని జోలికి వెళ్ళడు.

ఆ రోజు చిక్కు మాచవరం పెళ్ళి ఫోటోలతో వచ్చింది. ఆ పెళ్ళికి మగపెళ్ళివారి తరఫున తన్వీర్, అతని తమ్ముడు అక్రం చెరో కెమెరా పట్టుకున్నారు. అక్రం కెమెరా బ్యాటరీ పూర్తిగా దిగిపోవడంతో అందులోని గడియారం మళ్ళీ మొదటికి వచ్చింది. దాని లెక్కన పెళ్ళి ఏదో పాత సంవత్సరం జనవరి ఒకటిన, అర్ధరాత్రి దాటాక జరిగింది. రెండు కెమెరాల ఫోటోలు వరసలో పెడితే పెళ్ళికొడుకు పెళ్ళికూతురితో ఇంట్లో అడుగుపెట్టాక మంగళస్నానం చేస్తున్నాడు.

తన్వీర్ ఇంకో పెళ్ళికని మాచర్ల వెళ్ళాడు. ఫోన్ ఎత్తలేదు. అతని కెమెరా జీలకర్ర బెల్లం పదకొండూ ఇరవైకి పెట్టారంటోంది. అక్రం కెమెరా అర్ధరాత్రంటోంది. ఇద్దరు సాక్షులు రెండు రకాలుగా చెబుతుంటే రోహిణికి ఇద్దరి మీదా నమ్మకం పోయింది. బల్ల మీద శుభలేఖ కనిపించింది. సుముహూర్తం ఉదయం పది గంటల నలభై రెండు నిమిషాలు. పసుపు రాసిన నాలుగు మూలలతో అంత స్పష్టంగా అచ్చయి ఉన్న దాన్ని అనుమానించాలని ఆమెకు తోచలేదు. జీలకర్ర బెల్లం ఫోటో సరిగ్గా ఆ నిమిషానికి వచ్చేలా, మిగతావన్నీ దాని వెంట అంతే దూరం జరిగేలా స్క్రిప్ట్ రాసి నడిపించింది. ఫోటోలన్నీ బుద్ధిగా వరసలో నిలబడ్డాయి. ఆ తర్వాత మార్కెట్లో కాయలు కూడా మంచివే దొరికాయి.

సోమవారం ఆవకాయ తిరగకలిపి రోహిణి స్టూడియోకు వచ్చేసరికి వాకిట్లో ఒక తెల్లకారు ఆగి ఉంది. దాని ముఖం పిడుగురాళ్ళ వైపు, అంటే మాచవరం వెళ్ళే దారి వైపు ఉంది. స్టీరింగ్ దగ్గర పెళ్ళికొడుకు కోటేష్ ఎదురుగా ఉన్న గోడనే చూస్తున్నాడు. వెనక సీట్లో పెళ్ళికూతురు అమూల్య, పక్కనే సూట్‌కేసు. కోటేష్ తల్లి సుబ్బరత్నం అప్పటికే లోపల కుర్చీలో కూర్చుని ఉంది. ఎడ్లపాడులో ఆవిడ మాటకు ఇంట్లోనే కాదు, వీధిలో కూడా అడ్డు లేదు.

"ఏమ్మా, ఫోటోలు జేసింది నువ్వేనా?"

"నేనేనండి. బాగొచ్చినయ్యా?"

"చానా బాగొచ్చినయి. ఇదొక్కటి ఇంతది కొట్టించి పెట్టు," అని సుబ్బరత్నం చేతులు కిటికీ అంత వెడల్పుగా చాపింది. "కింద టైము గూడా పడాల."

ఫోన్‌లో ఉన్నది గృహప్రవేశం ఫోటో. గడపలో బియ్యం చెంబును అమూల్య కుడికాలితో తోస్తోంది. కింద సాయంత్రం అయిదూ ముప్ఫై రెండు అని ఉంది.

"ఆదివారం అయిదున్నర ఏందో తెలుసా నీకు? నడి రాహుకాలం. పిల్ల ఇంట్లో కాలుబెట్టిన కాణ్ణించీ మా బోరు మోటారు రెండుసార్లు కాలింది. కిక్కురుమనని గేదె పాలు పిండబోతే తన్నింది. ఎందుకా ఎందుకా అని బుర్ర బద్దలు గొట్టుకున్నా. ఇదీ సంగతి."

"టైము ఎట్లా చూశారండి?"

"మా కోడలే నేర్పింది. ఫోటోను పైకి నెడితే టైము కనపడుద్ది అత్తయ్యగారూ అని. రాత్రి కూర్చుని అన్నీ నెట్టినా. మా మరిది ఆరోజు ఆరు దాటింది, పదండి వదినా అంటే నమ్మా. ఆకలేసినోడి మాట నమ్మటం నాదీ తప్పే. పిల్లను మాచవరంలో దించి, ఫోటో వాళ్ళ నాన్న చేతిలో పెట్టి వత్తా. శ్రావణంలో మంచిరోజు జూసి మళ్ళా కాలుబెట్టిద్దాం."

రోహిణి కారు వైపు చూసింది. శ్రావణానికి ఇంకా రెండు నెలల పైనే ఉంది. ఆ సంగతి కోటేష్ ముఖంలో కనిపిస్తూనే ఉంది. తను శనివారం జరిపింది ఒక్క ముహూర్తాన్ని కాదనీ, మొత్తం పెళ్ళినీ జరిపాననీ ఆమెకు అప్పుడు అర్థమైంది.

"ఆంటీ, ఆ టైము నిజం కాదు. నేనే మార్చినాను."

"మార్చినావా? టైము ఎవరన్నా మారుస్తారా?"

ఎలా చెప్పాలో ఆమె ఆలోచిస్తుండగానే తన్వీర్ టీ గ్లాసులతో లోపలికి వచ్చాడు. సంగతి సగం వినేసరికే ధైర్యం చెప్పాడు. "రాహుకాలం ఏంది పెద్దమ్మా? మీరు ఆరు దాటినాకే దిగినారు. నా కెమెరా ఫోనుతో కలిసి నడుస్తది, నిమిషం తేడా రాదు. అసలు ఫోటోలు నా దగ్గర అట్లనే ఉండయి."

హార్డ్‌డిస్క్ తెరిచి చూపించాడు. ఆరూ పది. సుబ్బరత్నం రెండుసార్లు చదువుకుంది. ముఖం విప్పారింది. ఈలోపు గుమ్మంలోకి వచ్చి వింటున్న కోటేష్ మరుక్షణమే వెళ్ళి కారును ఎడ్లపాడు వైపు తిప్పి పెట్టాడు.

"బతికించావు నాయనా. ఏందోలే అనుకున్నా. జీలకర్ర బెల్లం గూడా ఈడనే జూపించు, కళ్ళకద్దుకుని పోతా."

"అది మళ్ళా చూద్దాంలెండి..." అని రోహిణి అనేలోపే తన్వీర్ ఫోటో తెరిచాడు. పదకొండూ ఇరవై.

సుబ్బరత్నం టీ గ్లాసు కింద పెట్టింది.

"ముహూర్తం పదీ నలభై రెండు గదా?"

రోహిణి బల్ల మీది శుభలేఖను బోర్లా తిప్పింది.

"అంటే ఆ పొద్దు పెళ్ళే కాలా."

వాకిట్లో కోటేష్ కారును మళ్ళీ పిడుగురాళ్ళ వైపు తిప్పాడు.

ఆ తర్వాత పనులు చకచకా జరిగిపోయాయి. సుబ్బరత్నం చిలకలూరిపేటలో ఉన్న చెల్లెలికి ఫోన్ చేసింది. చెల్లెలు సిద్ధాంతిగారికి చేసింది. సిద్ధాంతిగారు ఈ నెలలో ఇంకొక్క ముహూర్తమే ఉందన్నారు. ఆ మాట ఎవరి చెవిన పడిందో కానీ, టీ చల్లారకముందే షామియానా ఆయన ఫోన్ చేసి కుర్చీలు కిందటిసారి అన్నే చాలా, ఇంకా పంపమంటారా అని అడిగాడు. అమూల్య కారు దిగి వచ్చి గుమ్మం పక్కన నిలబడింది.

"అత్తయ్యగారూ, ఇప్పుడు నేను ఎటు పోవాలండి?"

"నువ్వుండమ్మా. ముందు మీ నాన్నతో తేల్చాల."

మాచవరంలో అమూల్య తండ్రి చెన్నకేశవులు మొదటి రింగుకే ఎత్తాడు. సుబ్బరత్నం స్పీకర్ పెట్టి ఫోన్ బల్ల మీద పెట్టింది.

"అన్నయ్యగారూ, ముహూర్తం దాటిచ్చి తాళి కట్టిచ్చారంటగా?"

"అదీ... పంతులుగారు మైకులో మూడుసార్లు పిలిచారు గదా అక్కయ్యగారూ."

"పిలిస్తే ఏం లాభం? పిల్లకు చీర కట్టేదానికి మీ ఆడోళ్ళు గంట జేసుంటారు. ఎవరి వల్ల లేటయిందో ఇయ్యాల తేలాల్సిందే. వాళ్ళు నా అన్నదమ్ములైనా సరే, నిలబెట్టి కడిగేస్తా. తన్వీరూ, ముందరి ఫోటోలు పెట్టు."

"ఆ టైములో నేను మండపంలో ఉన్నా పెద్దమ్మా. బయటివన్నీ అక్రం తీసినయి. అక్కా, వాటిని నా టైముతో కలుపు."

రోహిణి స్క్రిప్ట్‌లో ఒక లైను మార్చి మీట నొక్కింది. అక్రం ఫోటోలు జనవరి ఒకటి నుంచి బయల్దేరి వచ్చి వాటి వాటి చోట్లలో కూర్చున్నాయి. తన్వీర్ ఒక్కొక్కటీ తెరవసాగాడు.

పదిన్నరకు కోటేష్ పీటల మీద ఉన్నాడు. మేనమామ ఎత్తిన గంపలో అమూల్య తెర వెనక సిద్ధంగా ఉంది. చీర అప్పటికే కట్టి ఉంది.

తర్వాతి ఫోటోలో ఒక తెల్లకారు. అద్దం మూసి ఉంది. లోపల సుబ్బరత్నం ముఖం అటు తిప్పుకుని కూర్చుంది.

తర్వాతి ఫోటోలో అదే కారు. పక్కన పానకం గ్లాసుతో చెన్నకేశవులు.

ఆ తర్వాతి ఫోటోలో కూడా అదే కారు. చెన్నకేశవులు గ్లాసును ఎడమచేతిలోకి మార్చుకున్నాడు.

పెళ్ళిరోజు జరిగిందంతా ఆ ఫోటోల్లోనే ఉంది. మేళం పెళ్ళికొడుకు కారుకు ఎదురెళ్ళి, అతనితో లోపలికి వెళ్ళిపోయింది. రెండో కారులో వచ్చిన పెళ్ళికొడుకు తల్లికి డోలు చప్పుడైనా వినిపించలేదు. మేళం మళ్ళీ వచ్చేదాకా దిగేది లేదని ఆవిడ అద్దం ఎత్తుకుంది. మేళంవాళ్ళు హాలు వెనక టిఫిన్లు తింటున్నారు. ఆరోజు పొద్దున్నే ఆవిడ అక్రంను పిలిచి, తనను వదిలి ఎటూ పోవద్దనీ, ఎక్కడున్నా తియ్యమనీ చెప్పింది. అక్రం చెప్పినట్టే చేశాడు. పదకొండూ తొమ్మిదికి, మేళం ముందు నడుస్తుండగా, సుబ్బరత్నం నవ్వుతూ కారు దిగుతున్న ఫోటో అన్నిటికంటే బాగా వచ్చింది.

బల్ల మీద ఫోన్ పలికింది. "అక్కయ్యగారూ, ఉన్నారా? ఎవరి వల్ల లేటంట?"

సుబ్బరత్నం కొంగుతో మెడ తుడుచుకుంది.

"కెమెరాల మాటేందిలే అన్నయ్యగారూ. బ్యాటరీలు దిగిపోయినయంట. పంతులుగారి కంటే కెమెరాలకు ఎక్కువ తెలుసా? ఊరికే, బాగున్నారా అని చేసినా," అని ఫోన్ పెట్టేసింది. తర్వాత షామియానా ఆయనకు ఫోన్ చేసి కుర్చీలు ఎవరడిగారని కోప్పడింది. చివరికి రోహిణి వైపు కుర్చీ తిప్పుకుంది.

"అమ్మాయ్, శనివారం నువ్వు జేసిందే బాగుంది. శుభలేఖలో ఉన్నట్టే ఉండాల ముహూర్తం. సాయంత్రందానికి మాత్రం తన్వీరుదే ఉంచు. ఆరూ పది."

"రెండూ కుదరవండి. పొద్దున ముందుకు జరిపి సాయంత్రం ఉన్నట్టే ఉంచితే మధ్యలో ముప్ఫై ఎనిమిది నిమిషాలు మిగులుతయి. ఎక్కడో ఒకచోట సర్దాల."

"భోజనాల్లో సర్దు. తినేకాడ టైము ఎవరు జూస్తారు?"

"మరి ఈ కారు ఫోటోలు?"

"అయి తీసెయ్. ఆ దిగేదొక్కటి ఉంచు, బాగుంది."

రోహిణి స్క్రిప్ట్‌ను మరోసారి సవరించింది. అమూల్య గుమ్మం దగ్గరే నిలబడి ఉంది.

"అత్తయ్యగారూ, మరి మోటారు సంగతి?"

"నాసిరకం మోటారులేమ్మా. మీ మామ బేరమాడి తెచ్చింది ఏది నిలిచింది గనక? పద, ఎండెక్కుతాంది."

కోటేష్ కారును ఇంకోసారి తిప్పాడు. ఈసారి ఎవరి మాట కోసమూ ఆగలేదు. తల్లి తలుపు వేసుకోవడమే ఆలస్యం, బయల్దేరదీశాడు.

వారం తర్వాత మాచవరానికి కూడా ఒక పెన్‌డ్రైవ్ వెళ్ళింది. ఫోటోను పైకి నెట్టి టైము చూడటం అమూల్యకు నేర్పింది ఆ ఇంటివాళ్ళే. ముహూర్తం సరిగ్గా పదీ నలభై రెండుకు పడిందని చూసుకుని పంతులుగారు కూడా సంతోషించారు. మగపెళ్ళివారు మాత్రం ఒక్క బంతిలో అంతసేపు ఎలా కూర్చున్నారన్నది ఆ ఊళ్ళో ఇప్పటికీ ఎవరికీ అంతుపట్టలేదు.