శ్వేరాజు చిటికెనవ్రేలి మహాసంగ్రామము

శుభమస్తు! చైత్రమధ్యాహ్నమున ప్రచండమార్తాండుడు యాంగోన్ మహానగరమును అట్లపెనమువలె కాల్చుచుండగా, మింగళ తౌంగ్‌న్యున్ పేటలో, కరెంటు పోయి, నీళ్ల మోటారు మూగవోయి, కుళాయిలెండిన నాల్గవ అంతస్తునందు, గాజుపెట్టె యను దుర్గమున, బొద్దింకకులకాలాంతకుండును స్థూలపుచ్ఛవిరాజితుండును అగు శ్వే అను పెంపుడు మచ్చలబల్లి మహాసంకటమున పడెను. ఒడలి కుబుసమంతయు విడిచెను గాని, కుడికాలి చిటికెనవ్రేలి కొనను మాత్రము అది ఉంగరమువలె బిగిసి నెత్తురు నాపుచుండెను. ఉంచినచో వ్రేలు రాలును. పొడిగా లాగినచో తోలూడును. నానబెట్టుటయే మార్గము. ఇంట మిగిలినది చెంబెడు నీరు!

పదమూడేండ్ల బాలిక ఫ్యూ ఫ్యూ ఒకచేత చెంబును, ఒకచేత వీరుని పట్టి నడచుచుండగా, ఆ ధీరాగ్రేసరుడు బెదరి, జారి, దేవుని దీపమునకు వత్తులు చేసికొనుచున్న నాయనమ్మ తాయారు భుజముపై పడెను. హరహరా! బల్లి పడినచో తలస్నానము చేయక దీపము ముట్టని వంశమది. ఓడరేవు పనికి వచ్చిన ముత్తాతలు విశాఖతీరమునుండి మూటతోపాటు తెచ్చుకొన్న నియమమది.

“బల్లి పడ్డాది. తానం సెయ్యాల. ఆ సెంబిలా తే,” అనెను తాయారు.

“ఈ నీళ్లు శ్వేకి, మామ్మా. లేపోతే ఏలు పోద్ది.”

“పోతే ఏటి? మళ్లీ మొలుత్తాది.”

“తోకైతే మొలుత్తాది. ఏలు మొలవదు.”

ఇరువురి నడుమ చెంబు గడగడ వణకెను. చదివెడి మీకేమి, హాయిగానే ఉన్నారు. చెప్పెడి నాకు గుండె ఆగినంత పనైనది.

అంతట తాయారు భుజముమీది బల్లిని అరచేత దించి, ఉబ్బిన ఆ వ్రేలిని కన్నార్పక చూచి, పాపము, కరగిపోయెను. పిదప సభామధ్యమున చక్రవర్తినివలె పలికెను:

“ఇనుకో. ఈడు నా మీద పడ్నేదు. నానే ఎత్తుకున్నాను. ఎత్తుకుంటే తానం నేదు.”

ధర్మశాస్త్రము దద్దరిల్లెను! చెంబునీరు పళ్లెమున పడెను. పావుగంట పాదప్రక్షాళనానంతరము, దీపమునకై తీసిన దూదితో తాయారు మెల్లమెల్లగా దొరలించగా, బియ్యపుగింజలో సగము లేని ఆ దుష్టకుబుసము ఊడివచ్చెను.

ఆ విజయధ్వజమును దాచుకొందమని ఫ్యూ ఫ్యూ డబ్బా వెదకునంతలో, శ్వేరాజు దానిని నమిలి మింగెను.

జనులారా, వినుడు! వ్రేళ్లు ఇరువది, ఇరువదియు క్షేమము. తాయారు చేయి తుడుచుకొని, స్నానము లేకయే దీపము వెలిగించెను.