రాహుకాలంలో ఆగిన పెట్టెలు

శుక్రవారం పొద్దున, బజారుకు నెట్ ఇచ్చే హుస్సేన్ బాషా చేతిలో ఉన్నవి ఇవి: బుక్కరాయసముద్రం బజారులో తన ఇంటితో కలిపి నూట నలభై ఇంటర్నెట్ కనెక్షన్లు, ఒక లాప్‌టాప్, బావమరిది ఖాజా, మధ్యాహ్నం మూడు దాకా గడువు. పాత ఇంటర్నెట్ నంబర్లు చాలడం లేదని, ఐపీవీ సిక్స్ అనే కొత్త పొడుగు నంబర్లకు మారమని లైను ఇచ్చే కంపెనీ ఆరు నెలలుగా పోరుతోంది. మూడు దాటితే పాతవి పనిచేయవు. అప్పుడు బజారంతా పోటీగా నెట్ ఇచ్చే కేబుల్ శశి దగ్గరికి పోతుంది.

ఆఫీసులో మీట నొక్కితే చాలదు. తర్వాత ప్రతి అంగట్లో నెట్ పెట్టెను ఒకసారి ఆపి మళ్లీ వేయాలి. బేరం నడిచేవేళ ఆపమంటే ఎవరూ వినరు. అందుకే ఇద్దరూ బండి మీద తిరిగి తామే ఆపాలనుకున్నారు.

మర్యాదకు బజారు పెద్ద, బట్టల వ్యాపారి బదరీనారాయణకు మాత్రం ఫోన్ చేశాడు.

"శెట్టిగారూ, పదిన్నరకు నంబర్లు మారుస్తాండాం."

"శుక్రవారం పదిన్నరకా? రాహుకాలం కదప్పా. పన్నెండు దాకా నాది ముట్టొద్దు."

"అట్లే" అని ఫోన్ పెట్టేసి, అనుకున్న వేళకే ఖాజా చేత మీట నొక్కించాడు.

లాప్‌టాప్ మీద కనెక్షన్ నడుస్తోందని చూపే బదరీనారాయణ పచ్చచుక్క ఎర్రబడింది. తర్వాత పక్క అంగడిది. పదకొండుకల్లా తొంభై ఎర్రబడ్డాయి.

"భాయ్, మనమే చెడగొట్టినామేమో."

"వెనక్కి తిప్పు."

"తిప్పితే మూడుకు అన్నీ పోతాయి."

హుస్సేన్ బాషా బజారుకు పరుగెత్తాడు. వక్కల నరసింహులు పెట్టె తీగ పీకి ఉంది.

"శెట్టి చెప్పినాడు, తీసేసినా" అన్నాడు నరసింహులు, తలెత్తకుండా.

బదరీనారాయణ అంగడి ముందు శశి బండి ఆగి ఉంది. కనెక్షన్ శశికి పోయినట్టే అనుకున్నాడు హుస్సేన్ బాషా. లోపలికి వెళ్లి చేతులు జోడించాడు.

"మాట తప్పినా శెట్టిగారూ. నన్ను ఇడవద్దండి."

"పన్నెండు కానీ, మాట్లాడదాం."

శశి కొన్న తువ్వాలు పొట్లం చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు. గడియారం పన్నెండు కొట్టింది. బదరీనారాయణ లేచి పెట్టె తీగ గుచ్చాడు. వీధి పొడవునా అందరూ గుచ్చారు.

ఖాజా ఫోన్ చేశాడు. "భాయ్, గుచ్చినోళ్లందరికీ కొత్త నంబర్లే. మనం తిరిగే పని వాళ్లే చేసినారు."

"చూసినావా, మంచి వేళకు పెడితే ఎట్లుంటాదో" అన్నాడు బదరీనారాయణ.

సాయిబుల అంగళ్లు మధ్యాహ్నం జుమా నమాజుకు అన్నీ ఆపి, షట్టర్లు దించి, మళ్లీ తెరిచేసరికి అవీ మారాయి.

మూడు దాటగానే హుస్సేన్ బాషాకు భార్య దాదాబీ నుంచి ఫోన్.

"మన ఇంట్లో నెట్ రాలేదేం?"

లెక్క తేలింది: మారినవి నూట ముప్పైతొమ్మిది, తిరగాల్సిన ఇల్లు ఒకటి. ఆ ఇంటికి రాహుకాలమూ లేదు, జుమాకు దించే షట్టరూ లేదు.