జూన్ ఆఖరి రోజున కోళ్ళకొచ్చిన జబ్బు

ఆ ఉదయం ఘానెం పెట్టుకున్న పని చాలా చిన్నది. కువైట్ సిటీలో తాను నడిపే ఫండులో ఉన్న కోళ్ళ కంపెనీ షేర్లను చడీచప్పుడు లేకుండా అమ్మేయాలి, జూలై రాగానే మళ్ళీ కొనేయాలి. ఫండు చేతిలో ఏయే షేర్లున్నాయో మూడు నెలలకోసారి డబ్బు పెట్టినవాళ్ళకు చూపించాలి. జూన్ లెక్కలోకి ఆ రోజు మార్కెట్ మూసేసరికి మిగిలినవే వస్తాయి. చుట్టాలొస్తున్నారంటే మాసిన బట్టలు మంచం కిందికి తోసినట్టు, ఆఖరి రోజున పరువు తీసే షేర్లను వదిలించుకోవడం ఫండు మేనేజర్లందరికీ అలవాటే.

ఘానెంకు మాత్రం అది ప్రాణసంకటం. ఫండులో అందరికంటే ఎక్కువ డబ్బు పెట్టింది అతని అత్తగారు ఉమ్ మిషారీ. అతను కాపురం ఉంటున్నది ఆవిడ ఇంటి పై అంతస్తులోనే. మార్చి లెక్క చూశాక ఆవిడ భోజనాల దగ్గర అందరి ముందూ, "ఆ కోళ్ళ కంపెనీ షేర్లు కొన్న గాడిద ఎవడోగానీ, వచ్చేసారి లెక్కలో మళ్ళీ అవి కనబడితే నా డబ్బంతా వెనక్కి తీసేసుకుంటా" అంది. ఆవిడ డబ్బు పోతే ఫండు మూతపడుతుంది, ఉద్యోగం ఊడుతుంది. ఆ తర్వాత ఆ ఇంటి మెట్లు ఏ ముఖం పెట్టుకుని ఎక్కాలి? అప్పట్నుంచీ అతనికి సరిగా నిద్ర లేదు.

మార్కెట్ తెరవగానే బ్రోకరు షాహీన్‌కు ఫోన్ చేసి, కొద్దికొద్దిగా అమ్మమన్నాడు.

"మంచి కంపెనీయే కదన్నా! ఎందుకు వదిలించుకుంటున్నావు?"

అత్తగారికి భయపడి అని ఏ మగవాడు చెబుతాడు? "నన్నడక్కు షాహీన్. బయటికి చెప్పుకునేది కాదు," అన్నాడు ఘానెం. గొంతు వణికింది.

ఆ వణుకే కొంప ముంచింది. షాహీన్ ఫోన్ పెట్టేసి, పక్క సీటువాడితో "కోళ్ళకేదో అయినట్టుంది" అన్నాడు. ఆ మాట మార్కెట్ హాల్లో టీ గ్లాసులతో కూర్చునే పెద్దాళ్ళను చేరేసరికి కోళ్ళకు జబ్బు చేసింది. మిగతా ఫండుల దాకా వెళ్ళేసరికి కోళ్ళు చచ్చిపోయాయి. చచ్చిన కోళ్ళను లెక్కలో చూపించే ధైర్యం ఎవరికుంటుంది? అందరూ అమ్మకానికి ఎగబడ్డారు. ధర నూతిలో పడ్డ చెంబులా దిగిపోయింది.

"అన్నా, ఎవరో ఒక్కరే కొంటున్నారు, ఎంతొస్తే అంత! పాపం, పిచ్చోడెవడో దొరికాడు," అన్నాడు షాహీన్ మళ్ళీ ఫోన్ చేసి.

"ఇచ్చెయ్. అంతా ఇచ్చెయ్!"

ఈలోగా ఫండు కంపెనీ చైర్మన్ ఫోన్. "ఘానెం, నిజం చెప్పు. నిన్న మా ఇంట్లో కోడి మజ్బూస్. ఆ కోడి అన్నం మారు వడ్డించుకుని మరీ తిన్నాను. ఆసుపత్రికి వెళ్ళనా?"

"వద్దు సార్. కోళ్ళు శుభ్రంగా ఉన్నాయి."

"మరెందుకు అమ్ముతున్నావయ్యా?"

ఇంకో ఫోన్ వస్తోందని చెప్పి ఘానెం పెట్టేశాడు. చైర్మన్ సరాసరి ఆసుపత్రికే బయల్దేరాడు.

ఆ తర్వాతి ఫోన్ మార్కెట్ నిఘా అధికారిది. "కోళ్ళ జబ్బు సంగతి అందరికంటే ముందు మీకెవరు చెప్పారు?"

ఘానెం కళ్ళ ముందు జైలు తలుపు కదలాడింది. "జబ్బూ లేదు, గిబ్బూ లేదు సార్, అల్లా సాక్షి! మా అత్తగారికి ఆ కంపెనీ గిట్టదు. లెక్కలో కనబడితే నా బతుకు బస్టాండే. అంతే సార్!"

"మీరు ఆవిడ ఇంట్లోనే ఉంటారా?" అన్నాడు అధికారి, గొంతు తగ్గించి.

"పై అంతస్తులో సార్."

"మా అత్తగారింట్లో నాది కింది అంతస్తు," అని నిట్టూర్చాడు అధికారి. "ఇప్పుడు చెప్పిందే రేపొచ్చి రాసివ్వండి, చాలు."

మధ్యాహ్నం ఘానెం భోజనానికి దిగాడు. కింద పెద్ద పళ్ళెం నిండా కోడి మజ్బూస్. ఉమ్ మిషారీ పెద్ద ముక్క చూసి అతని వైపు తోసింది.

"తిను నాయనా. ఇక మన కోడే."

"మనదేంటి అత్తయ్యా?"

"పొద్దుట్నుంచీ నేనే కదా కొంటున్నది! మీరంతా విసిరేస్తుంటే ఏరుకోలేక చచ్చాననుకో."

ఘానెం చేతిలో ముక్క పళ్ళెంలోకి జారిపోయింది. "ఆ కంపెనీ మీకు గిట్టదు కదా!"

"అది నీ దగ్గర ఉండటం గిట్టదు. నువ్వు పట్టుకు కూర్చుంటే ధరెలా దిగుతుంది? మూడు నెలలకోసారి మీ మేనేజర్లు భయపడి పారేసినవే నేను ఏరుకుంటాను. మీ మావయ్య పోయాక ఈ ఇల్లు నిలబడింది దానిమీదే. నీ పై అంతస్తుతో సహా!"

భార్య లుల్వా నవ్వు ఆపుకోలేక నీళ్ళ గ్లాసు అడ్డం పెట్టుకుంది. ఘానెంకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. అయినా అసలు భయం ఇంకా తీరలేదు. "మరి... ఫండులో మీ డబ్బు?"

"ఎందుకు తీస్తాను? నీ అంత పిరికి మేనేజరు నాకింకెక్కడ దొరుకుతాడు?"

మర్నాడు తమ కోళ్ళు నిక్షేపంగా ఉన్నాయని కంపెనీ ప్రకటించింది. ధర దిగినదానికి రెట్టింపు వేగంతో ఎక్కింది. ఆసుపత్రి నుంచి ఆరోగ్యంగా తిరిగొచ్చిన చైర్మన్, ఆ షేర్లన్నీ తక్షణం తిరిగి కొనమన్నాడు. ఘానెం షాహీన్‌కు ఫోన్ చేసి, అమ్మేవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడిగాడు.

"ఒక్కరే ఉన్నారన్నా. బేరం కావాలంటే మధ్యాహ్నం భోజనానికి కిందికి దిగి రమ్మంటున్నారు."